తాడుకు కట్టిన ఎర్రసబ్బు

సబ్బుబిళ్ల ఎంత బరువుంటది? అరచేతిల పెట్టుకుంటే జామపండంత సుత ఉండదు. గసొంటి ఒక్క సబ్బుబిళ్లను నేను యాభై ఏండ్లకెక్కువ మోసిన. ఇంక మోస్తనే ఉన్న. నీళ్లల్ల ఏస్తే ఏ సబ్బైనా కరుగుతది. నా కడుపులున్నది మాత్రం కరుగుతలేదు.

మీకు నవ్వొస్తది. నవ్వుండ్రి. నేను సుత మస్తుసార్లు నవ్విన. నవ్వినంక నోరంత చేదైతది, తానం చేస్తుంటే సబ్బు నురుగు నోట్లెకు పోయినట్టు. అందుకే ఇయ్యాల మీకు చెప్తున్న. ఇంట్లోళ్లకు చెప్పలేని ముచ్చట, మీకైతే నా మొఖం కనవడది గదా.

నా పేరు చెప్ప. ఊరి పేరు సుత చెప్ప. సుల్తానాబాద్ కు రెండు కోసుల దూరంల ఒక ఊరు, గంతే. నిజాం రాజ్యం పోయి, ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తల. నాకు ఇరవై రెండేండ్లు. ఆ ఊరి మిడిల్ స్కూల్ల సారును. లగ్గం కాలే. బడి పక్కనే ఒక అర్ర కిరాయికి తీసుకొని, స్టవ్వు మీద వండుకొని తినేటోన్ని.

ఆ ఏడే మా బడి ఎనుక కొత్తగ రెండు పాయిఖానలు కట్టిండ్రు. అంతకుముందు పోరగాండ్లు చెలుకలల్లకు ఉరికేటోళ్లు. పాయిఖానల ముంగట ఒక గోలెం, దాని నిండ నీళ్లు, పక్కన ఒక చెంబు. గోలెం కాడ లచ్చవ్వ.

లచ్చవ్వ మా బడి ఆయమ్మ. గంట కొట్టేది ఆమెనే, ఊడ్చేది ఆమెనే, బాయిల నుంచి చేది గోలెం నింపేది ఆమెనే. నా బట్టలు సుత ఆమెనే ఉతికేది, ఒంటరి పోరడు అని జాలిపడి. అన్నిటికన్న ఎక్కువ, బూడిద ఆమెది. ఇంట్ల చింతకట్టెల బూడిద తెచ్చి, రెండుసార్లు జల్లెడ పట్టి, పాత నూనె డబ్బల పోసి గోలెం గట్టు మీద పెట్టేది. మెత్తగ, పిండి లెక్క ఉండేది. పాయిఖానలకెల్లి వచ్చినోడు ఎవడైనా డబ్బల చెయ్యి వెట్టకుంట పోయిండో, చెవు దొరకవట్టి మెలివెట్టేది. పెద్దసారు కొడుకు చెవు సుత మెలివెట్టింది. పెద్దసారు కిటికిల నుంచి చూసి, చూడనట్టు మొఖం తిప్పుకున్నడు.

ఆ వానకాలం చుట్టుపక్కల ఊర్లల్ల గత్తర, అదే కలరా, లేచింది. దాంతోని పై ఆఫీసోళ్లకు మా పోరగాండ్ల చేతులు యాదికొచ్చినయి. ఒక చెక్కపెట్టె పంపిండ్రు. విప్పితే పన్నెండు ఎర్రసబ్బులు. బడంత దవాఖాన వాసన. మా పెద్దసారు శుభ్రమంటే పానమిచ్చే మనిషి. ఒక సబ్బు చేతిలకు తీసుకొని, కండ్లు మూసుకొని వాసన చూసిండు. దేవుని గదిల నిలవడ్డట్టే నిలవడ్డడు.

పోరగాండ్లు మట్టిల ఏస్తరని, కాకులు ఎత్తుకపోతయని, సబ్బు నడుమ మొలతోని బొక్క చేసి, సుతిలి తాడు కట్టి, గోలెం మీది కొక్కానికి వేలాడదీసిండు. నాకొక కొత్త పని ఇచ్చిండు. నేను శుభ్రత సారును. సాయంత్రం సబ్బు తీసి అల్మారిల పెట్టాలె, పొద్దున మళ్ల కొక్కానికి కట్టాలె. ఇగ నా చేతులల్ల బడి ఆరోగ్యమంత ఉన్నదని పెద్దసారు ప్రార్థనల అందరి ముంగట చెప్పిండు. నేను సుత జర ఛాతి ముంగటికి పెట్టి నిలవడ్డ. లచ్చవ్వకు మాత్రం నచ్చలే. రెండు దినాలు బూడిద డబ్బను సబ్బుకు దూరంగ జరిపి పెట్టింది.

ఇగ నా తప్పు దగ్గరికి వస్తున్న. రావాలంటే కాళ్లు వస్తలేవు.

జమ్మికుంటల మా మేనమామ ఉండె. ఒక సంబంధం తెచ్చిండు. పిల్ల తండ్రి పత్తి వ్యాపారి. పిల్ల ఏడో తరగతి పాసైంది. ఇంట్ల గోడ గడియారం ఉన్నది. నాకేమున్నది? ఒక మంచి అంగీ, తలనిండ వెంట్రుకలు. గంతే. ఆదివారం పిల్లను చూడపోవాలె. శనివారం లచ్చవ్వ చెంబుల నిప్పులు పోసి నా అంగీ ఇస్త్రీ చేసిచ్చింది. పట్నపు దొర లెక్క పోవాలె సారూ అని దీవించింది. ఆ మాటనే నా బుర్రల తిరిగింది. పట్నపు దొర అంటే ఎట్లుంటడు? పట్నపు దొర సబ్బు వాసనొస్తడు.

సాయంత్రం సబ్బు తాడు విప్పిన. అల్మారి ఎడమ దిక్కున్నది. నా సంచి కుడి దిక్కున్నది. చెయ్యి కుడి దిక్కు పోయింది. సబ్బును తువ్వాలల చుట్టిన. దొంగతనమనుకున్ననా? లేదు. అడుక్కపోతున్న, సోమవారం తెచ్చి పెడ్త అనుకున్న. మరి ఎవర్ని అడిగిన? కొక్కాన్ని అడిగిన్నా? దొంగలందరు ముందుగాల గిట్లనే అనుకుంటరేమో, నాకు తెల్వది. నేను ఒక్కసారే చేసిన.

పెద్దపల్లిల రైలెక్కి జమ్మికుంటల దిగిన. పొద్దుగాల మామ ఇంటి బాయికాడ తానం చేస్తుంటే అత్త చూసింది. ముక్కు మీద వేలేసుకుంది. ఏం సబ్బు బిడ్డా గిది అని తీసుకొని, ఇద్దరు పిల్లలకు రుద్దింది. ఆమె రుద్దుకుంది. తర్వాత మామ. తర్వాత పక్కింటోళ్లు. వద్దని ఎట్లంటరు? బడి సబ్బు అని ఎట్ల చెప్తరు? ఆఖరుకు, రగతం తాగే గోమార్లు పోతయని మా మామ బర్రె దుడ్డెకు సుత రుద్దిండు. నా చేతికొచ్చేటాల్లకు తాడుకు చింతగింజంత సబ్బు మిగిలింది. జమ్మికుంటల ఆ పూట నేను, మామ ఇంటోళ్లు, దుడ్డె, అందరం ఒక్కటే వాసన.

పిల్ల ఇంట్ల మాత్రం దశ తిరిగిందనుకున్న. పిల్ల వాళ్ల ముసలవ్వ నన్ను ఇడిచిపెట్టలే. బిడ్డా గా చెంబందుకో, గా తమలపాకియ్యి, ఏది చెయ్యి చూపియ్యి, గీత చూస్త. నా వేళ్లు విప్పి విప్పి చూసింది. నా మీద మస్తు మోజు పడ్డదని లోపల్లోపల మురిసిపోయిన. పోయేముందు మామ నా చెవుల ఒక మాట ఏసిండు. వీళ్లు నీ గుణం గురించి మీ పెద్దసారుకు ఉత్తరం రాసి అడుగుతరట, జర పైలం.

సోమవారం పొద్దున లచ్చవ్వ ఎప్పటి లెక్కనే నా మాసిన బట్టలు తీసుకపోయి, గోలెం కాడ ఉతికి ఆరేసింది. అండ్ల తువ్వాల ఉన్నది. నాకు ఆ సోయి లేదు. నా సోయంత సబ్బు మీదున్నది. చింతగింజను ఏం వేలాడదీస్త? దాన్ని మోరిల పారేసి, ఉత్త తాడును కొక్కానికి కట్టి అర్రలకు పోయి కూసున్న.

పెద్దసారే మొదలు చూసిండు. చేతులు కడుక్కుందామని పోయి, తాడును అరచేతిల పట్టుకొని, తాడు కొసను చూసుకుంట నిలవడ్డడు. నన్ను పిలిచిండు. శనివారం తీసి లోపల పెట్టిండ్రా సారూ అని అడిగిండు. పెట్టిన సార్ అన్న. పొద్దున మళ్ల కట్టిండ్రా? కట్టిన సార్. గంతే. రెండు మాటలు. తాడు కట్టిన మాట నిజమే గదా అని లోపల నాకు నేనే వకాల్తా పట్టిన. అబద్ధం ఆడేటప్పుడు సగం నిజం దొరికితే మనిషికి ఎంత ధైర్యమొస్తదో.

పెద్దసారుకు ముక్కుపొడి అలవాటు. ఆ పొద్దు డబ్బీ తీసి టేబుల్ మీద పెట్టి, పని అయ్యేదాక ముట్టనని ఒట్టు వెట్టుకున్నడు. సబ్బు తీసినోని చెయ్యి వాసనొస్తది, ముక్కుతోనే దొంగను పట్టుకుంట అన్నడు. బడంత వరుసల నిలవెట్టిండు. ఒక్కొక్కని చేతులు ముక్కుకాడికి తెచ్చుకొని చూసుడు. ఒకని చేతికి ఎల్లిపాయ కారం. ఒకనికి మేక. ఒకనికి చేపలు. ఒకడు ఏం వాసనో వానికే తెల్వదు, మా బాపు చెప్తడు సార్ అన్నడు. నలభై చేతులైనంక పెద్దసారుకు తల తిరిగి కుర్చీల కూసున్నడు. కూసున్నంక ఆయనకు సమజైంది. నెల దినాల సంది సబ్బు వేలాడుతుంటే ఒక్కని చేతికి సుత సబ్బు వాసన లేదు. దొంగ దొరకనందుకు కాదు, గందుకు ఆయన మొఖం చిన్నగైంది.

ఆ తర్వాత సార్ల వంతు. నా చేతులు నిన్నటి సంది గుమగుమలాడుతున్నయి. పాయిఖానకు పోయొస్త అని గోలెం కాడికి ఉరికిన. డబ్బలకెల్లి మూడు గుప్పిళ్ల బూడిద తీసి మోచేతుల దాక తోమిన. ఏం బూడిద అది! లచ్చవ్వ చింతకట్టె బూడిద. వాసన పోయింది, నా రంగు సుత జర తేలింది. పెద్దసారు నా చేతులు వాసన చూసి, పైకి లేపి అందరికి చూపించిండు. చూడుండ్రిరా, చేతులంటే గిట్లుండాలె, ఏ వాసన ఉండొద్దు. పోరగాండ్లు చప్పట్లు కొట్టిండ్రు.

అప్పుడే లచ్చవ్వ బకెట్ పట్టుకొని వచ్చింది. లచ్చవ్వా, నీ చేతులు అన్నడు పెద్దసారు, ఉత్తగనే, వరుసల ఎవ్వరు మిగలొద్దని. ఆమె బకెట్ దించి, కొంగుకు తుడుచుకొని చేతులు చాపింది. పెద్దసారు ముక్కు దగ్గరికి పోయింది. అక్కడే ఆగింది. మళ్లొకసారి చూసిండు.

నాకు అప్పుడు యాదికొచ్చింది తువ్వాల.

లచ్చవ్వ తన చేతులను తాను వాసన చూసుకుంది. తలకాయెత్తి నన్ను చూసింది. ఒక్కసారే. ఆ చూపుల కోపమున్నదా? లేదు. మిర్చిల పురుగును చూసినట్టు చూసింది, ఓ, గిదా సంగతి అన్నట్టు. వాసన ఎక్కడిది అని పెద్దసారు అడిగిండు. నేను తీయలే సారూ అన్నది. మరెక్కడిది అని మళ్ల అడిగిండు. ఆమె నోరిప్పలే. గీ సారు తువ్వాలకెల్లి వచ్చింది అంటే అయిపోయేది. ఎందుకనలే? నాకు ఆ గడియల్నే తెలుసు. జమ్మికుంట ఉత్తరం పెద్దసారు దగ్గరికే వస్తదని పొద్దున మాసిన బట్టలిచ్చేటప్పుడు ఆమెకు నేనే చెప్పిన.

నేను చెప్తే? నా లగ్గం పోయేది, మహా అయితే నౌకరి పోయేది. ఆమెకు పోయేది ఆమె నౌకరి, ఆమె పేరు. తూకం ఎవరు చేసిండ్రు? నేనే చేసిన. తక్కెడ నా చేతిలనే ఉండె, మొగ్గు ఎటుంటది? నేను నా చేతులను చూసుకుంట నిలవడ్డ, బూడిదతోని తోమిన చేతులను. రేపటి సంది రావద్దు లచ్చవ్వా అన్నడు పెద్దసారు. ఆయన చెడ్డోడు కాదు. ఆ మాట అన్నంక ముక్కుపొడి డబ్బీ చేతిలకు తీసుకొని, తెరవకుంటనే మళ్ల పెట్టిండు.

వారం దినాలకు జమ్మికుంట నుంచి కార్డు వచ్చింది. పిలగాని గురించి పెద్దసారు మస్తు మంచిగ రాసిండట, ముఖ్యంగ శుభ్రం గురించి. సంబంధం ఖాయం. ఆ సాయంత్రమే లచ్చవ్వ నా అర్రకు వచ్చింది. తిడ్తదనుకున్న. తిడితే బాగుండు అనుకున్న. ఆమె చేతిల జల్లెడ ఉన్నది.

"సారూ, జమ్మికుంట కబురొచ్చిందా?"

"వచ్చిందవ్వా. కుదిరింది."

"మంచిగైంది. లగ్గమయ్యేదాక నీ తువ్వాల నువ్వే ఉతుక్కో ఇగ."

ఆమె జల్లెడ నా చేతిల పెట్టింది.

"పోరగాండ్లకు బూడిద జల్లెడ పట్టి పొయ్యి. రాళ్లుంటే చేతులు గీరుకుంటయి."

గంతే. ఆ ముచ్చట గంతే. నేను రెండు చేతులతోని జల్లెడ పట్టుకొని నిలవడ్డ, ఏదో బహుమానం తీసుకున్నట్టు. ఆమె మూల తిరిగేదాక చూసిన. పిలువలే.

స్టవ్వు మీద వండుకునేటోనికి బూడిద ఎక్కడిది? నాలుగు దినాలు ఇల్లిల్లు తిరిగి బూడిద అడుక్కొచ్చిన. అయిదో దినం డబ్బ ఉత్తగైంది, నేను సుత ఊకున్న. మిగిలిన పదకొండు సబ్బులను పెద్దసారు దొంగల భయానికి అల్మారిల పెట్టి తాళం ఏసిండు. పోరగాండ్లకు కడుపు చెడి దస్తులు పెట్టినయి. మొదలు దస్తులు పెట్టింది పెద్దసారు కొడుక్కే, చెవు మెలివెట్టేటోళ్లు లేకపోయె. ఎండకాలం ముందు తనిఖీకి ఒక ఆఫీసరు వచ్చి, అల్మారి తెరిచి, పదకొండు సబ్బులు కొత్తగనే ఉన్నయని చూసి, ఇంత జాగ్రత్త నేను ఏ బడిల చూడలే అని మెచ్చుకొని పోయిండు. శుభ్రత సారుగ నాకు సుత ఒక మంచి మాట దక్కింది.

ఊరు లచ్చవ్వకు పేరు పెట్టింది. సబ్బు లచ్చవ్వ. పోరగాండ్లు మొదలువెట్టిండ్రు, పెద్దోళ్లు పట్టుకున్నరు. నాటుకు పోయే ఆడోళ్ల వరుసల సుత సబ్బు లచ్చవ్వ ఒచ్చిందా అని అడిగేటోళ్లు. నా చెవుల పడ్డప్పుడల్లా ఏదో పని ఉన్నట్టు లోపలికి పోయేటోన్ని. లగ్గమైంది. ఆ ఏడే బదిలీ పెట్టుకొని నిర్మల్ దిక్కు పోయిన. పారిపోయిన అనుండ్రి, సరిపోతది.

గిండ్ల నాకు తగలవలసిన దెబ్బ ఒకటి ఇంట్లనే తగిలింది. లగ్గమైన మూడేండ్లకు ఒకనాడు కూర తరుగుకుంట మా ఆమె నవ్వు మొదలువెట్టింది. ఏందే అంటే, పిల్లను చూడొచ్చిన నాడు నీ వాసన యాదికొచ్చింది అన్నది. జమ్మికుంటల ఆ ఎర్రసబ్బు దవాఖానల గజ్జి లేచినోళ్లకు ఇచ్చేదట! పిలగాడు లోపలికి రాంగనే ఇంట్లోళ్లందరి పానం దస్సుమన్నదట. గజ్జి పిలగాడు. అందుకే ముసలవ్వ చెంబందుకో, ఆకియ్యి అని నా వేళ్ల సందులు ఎతికింది. సందులు సాఫుగున్నయని ఒప్పుకున్నరు. నువ్వు కుంకుడుకాయతోని తానం చేసి వస్తే ఇంత పరేషాన్ లేకుండు అన్నది మా ఆమె.

నేను సుత నవ్విన. ఆమెతోని కలిసి కడుపు చెక్కలయ్యేటట్టు నవ్విన. తర్వాత పెరట్లకు పోయి గోడకు తల ఆనిచ్చి నిలవడ్డ. ఎందుకోసమని ఒక మనిషిని బురదల తొక్కిన్నో, అది నా లగ్గాన్ని ఇంచుమించు చెడగొట్టిందట. ఇంతకన్న అక్కెరకు రాని పాపం ఎవడన్న చేసిండా?

అప్పుడు ఒక నియ్యత్ చేసుకున్న. పోయి చెప్పాలె. చెప్పాలె అనుకున్నంక సుత ఆరేండ్లు పట్టింది. ఒక ఎర్రసబ్బు కొన్న. ఆమెకొక మనుమరాలున్నదని ఇని, ఆ పిల్లకని నిర్మల్ల ఒక కొయ్యబొమ్మ కొన్న. బస్సెక్కిన. ఊరి మొగదల దిగి, లచ్చవ్వ ఇల్లెక్కడ అని అడిగిన. ఊర్లె లచ్చవ్వలు మస్తుమంది ఉన్నరు. ఏ లచ్చవ్వ సారూ? బడి ఆయమ్మ అన్న. ఆ సంగతి ఎవ్వరికి యాదిలేదు. అరుగు మీది నలుగురు నా మొఖం చూస్తున్నరు. ఎండ కాల్తుంది.

సబ్బు లచ్చవ్వ, అన్న నేను.

ఓ, గట్ల చెప్పరాదు సారూ అని నలుగురు లేచిండ్రు, నన్ను ముంగటేసుకొని తీసుకపోయిండ్రు. నేను పెట్టిచ్చిన పేరు తోవ చూపింది నాకు.

లచ్చవ్వ ముసలిదైంది. నన్ను గుర్తువట్టి, సారొచ్చిండు అని మనుమరాలిని కేకేసింది. చేతులు కడుక్కో, బువ్వ తిందువు అని చెంబు నీళ్లిచ్చింది, పక్కన బూడిద డబ్బ. మెత్తటి బూడిద. అంగీ జేబుల సబ్బు ఉన్నది. అరుగు మీది నలుగురు ఇంక వాకిట్లనే ఉన్నరు, ఇద్దరు ఆడోళ్లు సుత వచ్చి నిలవడ్డరు. ఇనాల్సినోళ్లందరు వచ్చిండ్రు. నేను పిలువకుంటనే వచ్చిండ్రు.

అవ్వా, గా సబ్బు సంగతి, అన్న.

ఏ సబ్బు సారూ, అన్నది లచ్చవ్వ. నా కండ్లల్లకే చూసుకుంట అన్నది. మరిచిపోయిందా? మరిచిపోయినట్టు చేసిందా? లేకుంటే చెప్పు, అందరున్నరు, నువ్వే చెప్పు అన్నదా? ఇప్పటిదాక తేల్చుకోలేకపోతున్న. అప్పుడు మాత్రం అంతమంది చూస్తుంటే జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్న.

ఏం లేదవ్వా, ఉత్తగనే, అన్న.

బువ్వ తిన్న. పప్పు, మామిడికాయ తొక్కు. మనుమరాలికి బొమ్మిచ్చిన. సబ్బును జేబుల్నే పెట్టుకొని తిరిగొచ్చిన. అంగీ ఉతుకుతుంటే మా ఆమెకు దొరికింది. గీ గజ్జి సబ్బు మీద నీ ప్రేమ ఎన్నడు పోదు అని మళ్ల నవ్వింది. మొదటి తప్పు ఇరవై రెండేండ్ల పోరడు చేసిండు, భయపడి చేసిండు అని ఎన్నోసార్లు వానికి మాఫీ ఇద్దామని చూసిన. రెండో తప్పు చేసినోనికి ముప్పై ఒకటి. ఇద్దరు పిల్లల తండ్రి. వానికేమని ఇయ్యాలె?

కొన్నేండ్లకు పాత దోస్తు ఒకడు కార్డు రాసిండు. ఊరి సంగతులన్ని రాసి, చివరల, సబ్బు లచ్చవ్వ పోయింది అని రాసిండు.

ఆమె జల్లెడ మా ఇంట్లనే ఉన్నది. మా ఆమె దాంతోని పిండి జల్లిస్తది. ఇప్పుడు సుత పక్కర్రల ఆ చప్పుడే వస్తుంది. మీ తాత అంత శుభ్రమైన మనిషిని నేను చూడలే అని మనుమరాలికి చెప్తుంది. ఇది రాసుడైనంక ఆమె చేతిలనే పెడ్త. చదువుతదో, నవ్వుతదో, జల్లెడ నా మీదికి ఇసురుతదో తెల్వదు.

నన్ను మాఫీ చేయుండ్రి అని మిమ్మల్ని అడుగుత లేను. మీరు ఇయ్యలేరు. ఇయ్యగలిగిన ఆమెను నేను అడుగలే. ఒక్కటే చెప్త. పేరు లేకుంట రాసిండు, వీన్ని ఏమని పిలువాలె అని మీకు అనిపిస్తది గదా. ఒక పేరున్నది. ఇన్నేండ్లు ఎవరి దగ్గరనో ఉన్నది, గది నాదే. సబ్బు సారు అనుండ్రి.